తెల్లవి నొప్పులకి, నారింజవి జ్వరానికి

మా ఇంట్లో పారేసేది అంటూ ఏదీ ఉండేది కాదు. ఇప్పుడంటే సిగ్గుపడుతూ చెబుతున్నాను గానీ, ఒకప్పుడు ఈ మాట పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో గొప్పగా చెప్పుకునేదాన్ని. పలాస కార్ఖానాల్లో జీడిపప్పు నింపే చదరపు రేకు డబ్బాలుంటాయి. సొట్టపడినవి చవగ్గా ఇచ్చేస్తారు. మా బియ్యం అందులోనే, చోడిపిండి, అంటే రాగిపిండి, అందులోనే. తుప్పు పట్టి అడుగు ఊడిపోయిన డబ్బాలో మట్టి పోసి కరివేపాకు మొక్క వేశాను. సముద్రం ఒడ్డు ఊళ్ళవాళ్ళు ఇక పనికిరావని వదిలేసిన వలలు మా ఇంటికొచ్చి ఆనపపాదుకి పందిరి అయ్యేవి, కోళ్ళకి కంచె అయ్యేవి. సిమెంటు గోనెలు కోసి కుట్టి, మీద పాత చీర వేస్తే నలుగురు కూర్చునే పట్టా. అరిగిపోయిన సబ్బు ముక్కని కొత్త సబ్బుకి అంటించకుండా మా ఇంట్లో ఎవరూ స్నానం చేయలేదు.

ఇదంతా నాకు నేర్పింది మా అత్త. ఆవిడ మా నాన్నకు స్వయానా అక్క. ఆవిడ కొడుకునే చేసుకున్నాను కాబట్టి పెళ్ళయ్యాక కూడా ఆయన్ని బావా అనే పిలిచాను. కాపురానికొచ్చిన కొత్తలో ఒకసారి చిరిగిన లంగా బయట పడేశాను. అత్త దాన్ని తీసుకొచ్చి నా ముందు పెట్టి అంది:

"ఇది ముందల సీర. తర్వాత లంగా అయ్యింది. ఇంక బొంతవ్వాల, మసిగుడ్డవ్వాల, పొయ్యిలో పేలికవ్వాల. మజ్జిలో నువ్వెవులివే దీన్ని సంపీడానికి?"

నాకు ఆ మాట భలే నచ్చింది. అప్పటినుంచి ఆవిణ్ణే మించిపోయాను.

నేను పదో తరగతి చదివాను. ఇంట్లో కుట్టు మిషను ఉంది, జాకెట్లు కుడతాను. ఊళ్ళో పింఛనుకి గానీ రేషను కార్డుకి గానీ అర్జీ కావాలంటే నా దగ్గరికే వస్తారు. అంటే చదువు రాక జరిగింది కాదు ఇది. అది ముందే చెప్పేస్తున్నాను, తర్వాత ఎవరూ నన్ను వెనకేసుకు రానక్కర్లేదు.

మాత్రల డబ్బా సంగతి నా పన్ను నొప్పితో మొదలైంది. టెక్కలి వెళ్ళి పన్ను పీకించుకున్నాను. డాక్టరు ఐదు రోజులకి మందులు రాశాడు. రెండో రోజుకే నొప్పి పోయింది. మిగిలిన మాత్రలు ఏం చేయాలి? ఇంకో ఇంట్లో అయితే ఏ గూట్లోనో పడి ఉండేవి, లేకపోతే చెత్తలోకి పోయేవి. మా ఇంట్లోనా? బిస్కెట్లు వచ్చిన గుండ్రటి రేకు డబ్బా ఒకటి ఖాళీగా ఉంటే అందులో దాచాను. ఆ తర్వాత అత్తకి జ్వరం వచ్చి తగ్గితే ఆవిడవి మిగిలాయి. మా బావకి విరేచనాలు పట్టుకుని కట్టేస్తే అవి మిగిలాయి. మా పాప దగ్గువి మిగిలాయి. ఏడాది తిరిగేసరికి డబ్బా మూత పడలేదు.

మూత పడకపోతే ఏం చేస్తాం? చేతిలో కత్తెర ఉంది కదా. షీట్లలో ఖాళీ అయిన గూళ్ళని, అంచుల్ని శుభ్రంగా కత్తిరించేశాను. ఒక్కో మాత్ర ఒక్కో చిన్న ముక్క. ఖాళీ అగ్గిపెట్టెల లోపలి అరలు తీసి డబ్బాలో పక్కపక్కన పేర్చాను. ఒక అరలో తెల్లవి, ఒక దాంట్లో నారింజవి, ఒక దాంట్లో పసుపువి, ఒక దాంట్లో గులాబీవి. జాకెట్ల గుండీలు రంగు ప్రకారం వేరు చేసే చేయి నాది, ఎంతసేపు పని? తెల్లవి ఒళ్ళునొప్పులకి, నారింజవి జ్వరానికి, పసుపువి కడుపుకి, గులాబీవి జలుబుకి. నారింజవి జ్వరానికని ఎవరు చెప్పారంటారా? అత్త జ్వరానికి వేసుకుంది, తగ్గింది. అంతకంటే ఏం కావాలి? ఆ మీదట నారింజరంగులో ఎక్కడ ఏ మాత్ర కనపడినా ఆ అరలోకే పోయింది.

పేరూ తేదీ ఉండేది ఆ అంచుల మీదే. వాటిని పొయ్యి రాజేయడానికి వాడాను.

మా బావ కొబ్బరి చెట్లెక్కేవాడు. మాకున్న నాలుగు చెట్లు ఒక మూల, మిగతావి ఊళ్ళోవాళ్ళవి. కాయలు దింపడం, మట్టలు కొట్టడం, ఎండాకాలం వస్తే జీడితోటల్లో పిక్కలు ఏరడం. తుఫాను వచ్చి మా ఉద్దానం ఊళ్ళల్లో చెట్లన్నీ పడుకున్న ఏడాది తప్ప ఆయన చెట్టెక్కని సీజను లేదు. పొద్దుటే లేచేసరికి నడుం పట్టేసేది, తొడలు పీక్కుపోయేవి. టీ గ్లాసు చేతికిస్తుంటే రెండో చేయి చాపేవాడు.

"డాక్టరమ్మా, ఓ తెల్లది పడేయ్."

పడేసేదాన్ని. ఆయన అలా పిలిస్తే పైకి కసురుకునేదాన్ని గానీ లోపల పొంగిపోయేదాన్ని. అరగంటలో లేచి తాడు భుజాన వేసుకుని వెళ్ళిపోయేవాడు. వారానికి రెండు, మూడు అనుకుంటూ మొదలైంది. తర్వాత ఎన్నో నేను పట్టించుకోలేదు.

ఊరు కూడా పట్టించుకోలేదు. "వదినా, ఓ తెల్లదుందా?" అంటూ సగం వీధి మా గుమ్మంలోకి వచ్చేది. వచ్చినవాళ్ళు వాళ్ళింట్లో మిగిలినవి తెచ్చి ఇచ్చేవాళ్ళు. "ఉట్టినే పడున్నాయమ్మా, నీ డబ్బాలో ఎయ్యి." కత్తెర తీసుకుని అంచులు కోసి రంగు చూసి వేసేసేదాన్ని. ఎదురింటి ఆవిడ అయితే తన మొగుడికి ఒంట్లో బాగోకపోతే పలాస ఆటో ఎక్కించే ముందు నన్ను అడిగేది. ఆ మొగుడూ మా బావ లాగే చెట్లెక్కేవాడు, ఇద్దరూ ఒక జట్టు. నేనేదో పుణ్యం చేస్తున్నానని అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను, ఒట్టు.

మా వైపు కిడ్నీ జబ్బు సంగతి ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. ఏ వీధిలో చూసినా ఒక ఇల్లు ఉంటుంది. నీళ్ళంటారు, నేలంటారు, ఎండంటారు, ఎరువులంటారు. పెద్ద పెద్దవాళ్ళు వచ్చి నీళ్ళు సీసాల్లో పట్టుకుపోయారు, రక్తం తీసుకుపోయారు. ఎందువల్లో తేలలేదు. మాకు మాత్రం అలవాటైపోయింది. ఎవరిదైనా నంబరు పెరిగిందంటే, అంటే రక్తంలో క్రియాటినిన్, "ఎంతుంది?" అని అడుగుతాం, వర్షం ఎంత పడింది అని అడిగినట్టు.

ఒక ఏడాది ఊళ్ళో క్యాంపు పెట్టారు. అందరం వరసలో నిలబడి రక్తం ఇచ్చాం. నాది బాగుంది, అత్తది బాగుంది. మా బావది పెరిగింది. మరీ ఎక్కువ కాదు, జాగ్రత్తగా ఉంటే ఏళ్ళ తరబడి నెట్టుకు రావచ్చు, పలాస వచ్చి చూపించుకోండి అన్నారు.

వెళ్ళాం. డాక్టరమ్మ చిన్నపిల్ల, మా అమ్మాయి కంటే రెండు మూడేళ్ళు పెద్దదై ఉంటుంది. ఓపిగ్గా అన్నీ అడిగింది. ఏం పని చేస్తావు, ఎంత నీళ్ళు తాగుతావు, బీపీ ఉందా. చివరికి అడిగింది:

"ఒళ్ళునొప్పులకి మాత్రలు వాడతావా?"

మా బావ నా వైపు చూడలేదు. "నేదమ్మా. ఎప్పుడో ఒకటి," అన్నాడు.

నేను పక్కనే నిలబడి ఉన్నాను. నోట్లో నాలుక ఉంది. రోజూ నా చేత్తో ఇచ్చానమ్మా అనొచ్చు. అనలేదు. ఆ గదిలో ఇంకా నలుగురు రోగులున్నారు, మా ఊరివాళ్ళు ఇద్దరున్నారు. చదువుకున్నదాన్నని నన్ను మర్యాదగా చూసేవాళ్ళు. ఆ మర్యాద పోతుందని నోరు మూసుకున్నాను.

"మంచిది. ఇకముందు ఒక్కటి కూడా ముట్టుకోకు. నొప్పుల మాత్రలు నీ కిడ్నీలకి విషం," అందామె. అందరికీ చెప్పినట్టే చెప్పింది, తర్వాతి మనిషిని పిలిచింది.

ఆటో ఎక్కాక అడిగాను. "బావా, ఎందుకు సెప్పనేదు?"

"సెప్తే నిన్ను తిట్టీది. నలుగురి మజ్జిలో నిన్ను తిడితే నాకేటి బాగుంటాది?"

"తిడితే తిట్టనీ. నీ పానం కదా."

"నువ్వూ పక్కనే ఉన్నావు కదేటే," అన్నాడు. కోపంగా కాదు. ఊరికే అన్నాడు. డ్రైవరు పాటలు పెట్టుకున్నాడు.

ఇంటికి రాగానే డబ్బా దించాను. తెల్లవి అరతో సహా తీసి దొడ్లో గొయ్యి తవ్వి కప్పెట్టేశాను. నా జీవితంలో నేను కావాలని పారేసిన మొదటి వస్తువు అదే. అత్త అరుగు మీద కూర్చుని చూస్తూ, "అన్ని బిళ్ళలు మట్టిపాలు సేసినావేటే, ఎవులికో ఒకరికి పనికొద్దును," అని గొణిగింది. నీళ్ళ టిన్నులు కొనడం మొదలుపెట్టాను, ఉప్పు తగ్గించాను, ఎండుచేప మానిపించాను. డాక్టరు చెప్పింది చెప్పినట్టు చేస్తున్నానని ఊళ్ళో అందరూ మెచ్చుకున్నారు.

నొప్పులు మాత్రం ఎక్కడికి పోతాయి? చెట్టెక్కితేనే మా పొయ్యి వెలిగేది. పది రోజులు ఓర్చుకున్నాడు. పదకొండో రోజు చెట్టు దిగి తోటలోనే కూలబడిపోయాడని ఎదురింటాయన చేయి పట్టుకుని తీసుకొచ్చాడు. ఒళ్ళు ముట్టుకుంటే వెచ్చగా ఉంది. వెచ్చగా ఉందంటే జ్వరం. జ్వరం అంటే నారింజది.

"ఇది నొప్పుల బిళ్ళ కాదు కదా?" అని మా బావ అడిగాడు కూడా. ఆయన అడిగాడు. అది నేను మర్చిపోలేను.

"కాదు బావా. ఇది జొరానిది. అత్తకి కూడా ఏసినాను."

వేసుకున్నాడు. జ్వరం తగ్గింది, నొప్పి కూడా తగ్గింది. పొద్దున్నే హుషారుగా లేచాడు. జ్వరం వల్లే నొప్పులు వచ్చాయి కాబోలు, జ్వరం పోయేసరికి నొప్పులూ పోయాయి అని నేను లెక్క తేల్చాను. ఎంత తెలివి. ఆ మీదట ఒళ్ళు పట్టేసిందంటే చాలు, నుదుటి మీద చెయ్యి వేసి చూసేదాన్ని. చెట్లెక్కి ఎండలో తిరిగొచ్చిన మనిషి నుదురు చల్లగా ఎందుకుంటుంది? "కాత్త వెచ్చగున్నాది బావా," అనేదాన్ని. నారింజది తీసి ఇచ్చేదాన్ని. ఏడాది పైన అలా ఇచ్చాను. ఆ అర నిండుకుంటే వీధిలో అడిగి తెచ్చి నింపాను.

రెండోసారి రక్తం చూపించినప్పుడు నంబరు ఎగిరి కూర్చుంది. అదే డాక్టరమ్మ. కాగితం చూసి, మా బావని చూసి, నన్ను చూసింది. "ఇంత తొందరగా పెరగకూడదే. ఏం వాడుతున్నారు? ఇంట్లో ఉన్న మందులన్నీ తీసుకురండి," అంది.

మరునాడు డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఆటోలో వెళ్ళాను. ఈసారి నిజం చెప్పాలని నిర్ణయించుకున్నాను. మొదట నొప్పులకి తెల్లవి, తర్వాత జ్వరానికని నారింజవి నేనే ఇచ్చానని చెప్పి, డబ్బా మూత తీసి బల్ల మీద పెట్టాను. ఆమె లోపలికి తొంగి చూసింది. ఒక్కో ముక్కా తీసి వెనక్కి తిప్పి చూసింది. ఏ ముక్క మీదా పేరు లేదు. ఎక్కడైనా రెండక్షరాలు, సగం అంకె.

"పేర్లేవమ్మా?"

"కత్తిరించేశానండి."

"ఎందుకు?"

డబ్బా మూత పడలేదని చెప్పాను.

ఆమె నారింజ ముక్కలన్నీ కాగితం మీద పోసి వెతికింది. ఒకదానికి అంచు సరిగ్గా తెగలేదు, నాలుగైదు అక్షరాలు మిగిలాయి. అది చదివి నాకు చూపించింది. ఇంగ్లీషు అక్షరాలు నాకు వస్తాయి, కూడబలుక్కుని చదివాను గానీ అర్థం కాలేదు. ఆమే చెప్పింది.

"ఇవి కూడా నొప్పుల మాత్రలేనమ్మా. జ్వరం కూడా తగ్గిస్తాయి, అందుకని మీరలా అనుకున్నారు. ఇంతకుముందు తెల్లవి ఉన్నాయన్నారు, ఏం చేశారు?"

"పాతిపెట్టేశానండి."

"మళ్ళీ అలాంటివి దొరికాయా?"

చీరకొంగు ముడి విప్పి ఒక తెల్లది ఇచ్చాను. ముందురోజు ఎదురింటావిడ తెచ్చి ఇచ్చింది, డబ్బాలో వేయకుండా ముడేసుకున్నాను. ఆమె దాని వెనకున్న అక్షరాలు చూసింది.

"ఇది మామూలు పారాసెట్మాల్. ఇదైతే పరవాలేదు," అంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు. నేను ఆకులనుకుని మళ్ళీ నిప్పులే పట్టుకున్నాను. ఆయన్ని కాపాడదామని పనికొచ్చేవి కూడా మట్టిలో కలిపి, ముట్టుకోకూడనిది ఏడాది పాటు నా చేత్తో నోట్లో వేశాను. ఆ బల్ల ముందు నిలబడి ఏడవాలనుకున్నాను, ఏడుపు రాలేదు. నా మీద నాకు అసహ్యం వేసింది. ఆ అసహ్యం ఇప్పటికీ పోలేదు, పోతుందని కూడా నేను అనుకోవడం లేదు.

డాక్టరమ్మ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "వీటివల్లే వచ్చిందని చెప్పలేను. ఏ మాత్రా వాడనివాళ్ళకీ ఇక్కడ వస్తోంది. కానీ వీటివల్ల తొందరగా పెరిగి ఉండొచ్చు," అంది. ఉండొచ్చు. ఆ ఒక్క మాటతో నన్ను ఇంటికి పంపేసింది. వీటివల్లే అని ఉంటే ఒక రకం, వీటివల్ల కాదు అని ఉంటే ఒక రకం. ఉండొచ్చు అన్నదాన్ని పట్టుకుని మనిషి ఎలా బతకాలి?

ఆ తర్వాత జరిగింది మా ప్రాంతంలో అందరికీ తెలిసిందే. చెట్లెక్కడం మానేశాడు. కాళ్ళు పొంగాయి, అన్నం చూస్తే వాంతి. డయాలసిస్ మొదలైంది. వారానికి మూడుసార్లు పలాస, పొద్దున్నే ఆటో, నాలుగు గంటలు మంచం, మళ్ళీ ఆటో. చేతి నరం ఉబ్బి తాడులా అయ్యింది. రోజుకి ఇన్ని నీళ్ళే తాగాలన్నారు. ఎండాకాలంలో నాలుక పిడచగట్టుకుపోతుంటే తడిగుడ్డతో పెదాలు తుడిచేదాన్ని. అన్నేళ్ళు చెట్టు మీద కూర్చుని కొబ్బరినీళ్ళు గడగడా తాగిన మనిషి, దింపిన కాయల వంక చూడకూడదని మొహం అటు తిప్పుకునేవాడు. ఆ జబ్బుకి కొబ్బరినీళ్ళు పనికిరావు.

చూడ్డానికొచ్చినవాళ్ళంతా నాకు ధైర్యం చెప్పేవాళ్ళు. "నీళ్ళ వల్లొచ్చింది, నువ్వేటి సేత్తావు? మన రాత." వాళ్ళకి నారింజ మాత్రల సంగతి తెలియదు. మా బావ చెప్పలేదు, నేను చెప్పలేదు. అత్తకి కూడా చెప్పలేదు. ఆవిడ మాత్రం అరుగు మీద కూర్చుని ఒకటే మాట అనేది: "ఒక్క నూతి నీళ్ళే కదర్రా అందరం తాగినాం. నాకు ఎనబై దాటినాయి. నాకేటీ అవ్వనేదు, ఆడికెందుకొచ్చింది?" ఆవిడ దేవుణ్ణి అడుగుతోంది. నేను పక్క గదిలో మిషను తొక్కుతూ ఆ మాట వినేదాన్ని. మోటారు లేని మిషను అయినందుకు మంచిదైంది, గట్టిగా తొక్కితే మాటలు వినపడవు.

ఒక మధ్యాహ్నం ఉండబట్టలేక అడిగేశాను. డయాలసిస్ నుంచి వచ్చి పడుకున్నాడు. మంచం పక్కన కింద కూర్చుని అడిగాను.

"బావా, నా వల్లేనా ఇది?"

ఏం చెబుతాడని అనుకున్నానో నాకు తెలుసు. ఛ, అదేం మాటే, అంటాడని అనుకున్నాను. ఆ ఒక్క మాట కోసమే అడిగాను. మా బావ ఎప్పుడూ అబద్ధం ఆడేవాడు కాదు, ఆ డాక్టరమ్మ దగ్గర తప్ప.

"ఏమో మరి. ఎవులికి తెల్సు," అన్నాడు. పక్కకి తిరిగాడు. "ఈపు కాత్త గోకవే. దురద సంపేత్తంది."

గోకాను. ఆ జబ్బుకి ఒళ్ళంతా దురద ఉంటుంది, ఎంత గోకినా తీరదు. చర్మం పొడిగా రాలుతుంటే చాలాసేపు గోకుతూ కూర్చున్నాను. ఆయన నిద్రపోయాడు.

పోయిన ఎండాకాలం చివర్లో పోయాడు. డయాలసిస్ రోజు కూడా కాదు. టీ తాగి, గ్లాసు కింద పెట్టి, ఆయాసంగా ఉందన్నాడు. ఆటో వచ్చేలోపు అయిపోయింది. ఇచ్ఛాపురంలో ఉన్న మా అమ్మాయి వచ్చింది, పదకొండు రోజులు ఉండి వెళ్ళింది. అత్త ఇప్పటికీ అరుగు మీదే కూర్చుంటుంది. ఇద్దరం ఒకరికొకరం వండి పెట్టుకుంటాం.

ఆయన మందులు ఒక సంచీడు మిగిలాయి. బీపీవి, రక్తానివి, అన్నంతో పాటు నమిలేవి. ఈసారి ఒక్క షీటుకి కూడా కత్తెర తగలనివ్వలేదు. డాక్టరు చీటీతో సహా అలాగే గోడకి తగిలించి ఉంచాను. తీసి పారేయాలని రోజూ అనుకునేదాన్ని. పారేయలేకపోయాను. అవి ఎంతెంతకి వస్తాయో తెలిసినదాన్ని, ఎలా పారేస్తాను?

పోయిన నెల ఎదురింటావిడ వచ్చింది. గుమ్మంలో నిలబడింది, లోపలికి రాలేదు.

"వదినా, మా ఇంటాయనకి కూడా నంబరు పెరిగిపోనాది."

కూర్చోమన్నాను. కూర్చుంది. పెద్దగా ఏడవలేదు, మా ఊళ్ళో ఈ మాట చెప్పడానికి ఎవరూ పెద్దగా ఏడవరు. కాసేపు అదీ ఇదీ మాట్లాడి గోడ వంక చూసింది. "అన్నయ్యవి మందులు ఉండిపోనాయి కదా. పారేత్తే పాపం వదినా. నాకిచ్చీరాదూ."

ఇవ్వకూడదని తెలుసు. ఇవ్వకపోతే ఆవిడ కొనలేదనీ తెలుసు. సంచి దించాను. ఒక్కో షీటు తీసి పేరు చదివి వినిపించాను, తేదీ చూపించాను. తేదీ దాటినవి పక్కన పెట్టాను. "ఇవన్నీ పలాస తీసుకెళ్ళి డాక్టరమ్మకి సూపించు. ఆమె ఏసుకోమంటేనే ఏసుకోవాల. ఒట్టెయ్యి," అన్నాను. ఒట్టేసింది. సంచి ఒళ్ళో పెట్టుకుంది గానీ లేవలేదు.

"ఇందల నొప్పులకి ఏవి వదినా? ఆయనకి నడుం ఒకటే పీకీడం. సెట్టెక్కనేకపోతన్నాడు. నీ కాడ బిళ్ళలు ఉండీవి కదా."

అప్పుడు చెప్పేశాను. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పనిది మొత్తం చెప్పాను. తెల్లవి పాతిపెట్టడం, నారింజవి ఏడాది పైగా ఇవ్వడం, డాక్టరమ్మ బల్ల మీద పేర్లు లేని ముక్కలు. నా మర్యాద ఏమైపోతే నాకేం. "మీ అన్నయ్యని నేనే సంపుకున్నానేమో అనుకుంటన్నాను నేను. మీ ఆయనకి ఒక్క బిళ్ళ కూడా ఎయ్యకు. నీ కాళ్ళు పట్టుకుంటాను," అన్నాను. నిజంగానే కాళ్ళ దగ్గరికి వంగాను.

ఆవిడ చటుక్కున కాళ్ళు వెనక్కి తీసుకుంది. జాలిగా చూసింది, నా వీపు నిమిరింది.

"ఊరుకో వదినా. మొగుడు పోయిన దుక్కంలో ఏటేటో అనుకుంటన్నావు. నీళ్ళ వల్లొచ్చిందని ఊరూ వాడా తెల్సు. బిళ్ళలేటి సేత్తాయి? మేమందరం నీ సేతి బిళ్ళలే కదా ఏసుకున్నాం. మాకేటయ్యింది?"

"మీ ఆయనకి అయ్యింది కదే," అన్నాను.

ఆ మాటకి ఆవిడ మొహం మాడిపోయింది. లేచి నిలబడింది. "నీ కాడ నేకపోతే నేదని సెప్పు. దాసుకున్నావంటే దాసుకున్నానని సెప్పు. అంతేగానీ ఇలాటి మాటలనకు," అని సంచి పట్టుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్న నేను వాకిలి ఊడుస్తుంటే వాళ్ళాయన బయటికొచ్చాడు. తాడు భుజాన వేసుకుని తోటల వైపు పోతున్నాడు. ముందురోజు వరకు గోడ పట్టుకుని నడిచిన మనిషి, హుషారుగా నడుస్తున్నాడు. బిళ్ళలు ఎక్కడో దొరికినట్టున్నాయి.